మీట నొక్కింది ఎవరు? బస్తర్ పాటకు సాఫ్ట్‌వేర్ వెతికే ముందు

కుంటలోనో, దంతెవాడలోనో, ఇవతల చింతూరు హాస్టల్లోనో ఉన్న ఓ అమ్మాయి తన ఊరి పాటలు రికార్డు చేయాలనుకుంది అనుకుందాం. చేతిలో ఆండ్రాయిడ్ ఫోను ఉంది. అన్న దగ్గర పాత లాప్‌టాప్ ఒకటి ఉంది. తాత డోలు ఇంకా చూరుకు వేలాడుతూనే ఉంది. ఆ అమ్మాయి యూట్యూబ్‌లోకి వెళ్లి కొత్తవాళ్లకు ఏ మ్యూజిక్ సాఫ్ట్‌వేర్ మంచిదని వెతుకుతుంది. నీలం, ఊదా రంగు లైట్ల గదిలో హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చున్న ఒకాయన చెబుతాడు: మ్యాక్ ఉంటే లాజిక్ ప్రో తీసుకోండి, విండోస్ అయితే ఎఫ్ఎల్ స్టూడియో, స్టేజీ షోలు చేసేవాళ్లయితే ఏబుల్టన్. తర్వాత ఒక మిడి కీబోర్డు కొనమంటాడు. గోడలకు ఫోమ్ అతికించమంటాడు. చివరికి అన్నీ మంచివే, మీకు నచ్చింది ఎంచుకోండి అని ముగిస్తాడు.

ఆయన అబద్ధం చెప్పలేదు. కానీ ఆ సలహా లోపల ఒక ఇల్లు ఉంది. సొంత గది ఉన్న ఇల్లు, కరెంటు పోని ఇల్లు, చిన్నప్పుడు కీబోర్డు క్లాసులకు పంపిన ఇల్లు. ఆ ఇంటి కులం ఏమిటో వీడియోలో చెప్పరు, మనకు చెప్పాల్సిన పనీ లేదు. ఆ ఇంట్లో పుట్టిన వాడికి సాఫ్ట్‌వేర్ ఎంపిక రుచికి సంబంధించిన విషయం. బస్తర్ అమ్మాయికి అది ఆస్తికి సంబంధించిన విషయం. ఈ తేడా పట్టించుకోకుండా ఇచ్చే సలహా ఎంత సాంకేతికంగా సరైనదైనా మనకు పనికిరాదు.

ఆస్తి అనే మాట ఊరికే వాడలేదు. బస్తర్ నుంచి సరుకు ఎలా బయటికి పోతుందో తెలుగువాళ్లకు బాగా తెలుసు. కొత్తవలస నుంచి కిరండుల్ దాకా దాదాపు 450 కిలోమీటర్ల రైలు మార్గాన్ని 1960లలో జపాన్ సాయంతో వేశారు. అరకు అందాలు చూడటానికి వేసింది కాదు అది. బైలాడిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చి ఓడలకు ఎక్కించడానికి వేశారు. 1968 నుంచి కొండ తవ్వుతూనే ఉన్నారు. జగదల్‌పూర్ పక్కన నగర్నార్ ఉక్కు కర్మాగారాన్ని ప్రారంభించింది 2023లో. అంటే అర్ధ శతాబ్దానికి పైగా ఎర్రమట్టి వెళ్లింది, ఉక్కు ఇంకెక్కడో తయారైంది, లాభం ఇంకెవరికో చేరింది. కొండ కింద ఊళ్లకు మిగిలింది ఎర్రబారిన వాగు నీళ్లు.

పాట విషయంలోనూ ఇదే జరుగుతోంది. వాద్యకారుడు ఇక్కడ, మైకు పట్టుకున్నవాడు బయటివాడు, మిక్సింగ్ రాయ్‌పూర్‌లోనో ముంబైలోనో, పేరు మూడోవాడిది. పరిశోధకులు వచ్చారు, రికార్డు చేసుకు వెళ్లారు. సర్కారు తన పథకాల ప్రచారానికి ఆదివాసీ బాణీలు వాడుకుంది, అడవిలోని పార్టీ తన ప్రచారానికీ అవే బాణీలు వాడుకుంది. ఆ టేపుల్లో, ఆ ఫైళ్లలో ఎన్ని ఇవాళ పాడిన ఊళ్లో ఉన్నాయి?

ఇక్కడ చట్టం ఏమంటుందో ప్రతి బహుజన కళాకారుడూ తెలుసుకోవాలి. 1957 కాపీరైట్ చట్టంలో సౌండ్ రికార్డింగ్‌కు కర్త ఎవరంటే పాడినవాడు కాదు, వాయించినవాడూ కాదు. నిర్మాత. నిర్మాత అంటే ఎవరో సెక్షన్ 2(యూయూ) చెబుతుంది: ఆ రికార్డింగ్ చేయడానికి చొరవ తీసుకుని, బాధ్యత వహించిన వ్యక్తి. ఆ రికార్డింగ్ మీద హక్కు ప్రచురించిన మరుసటి ఏడాది మొదలు 60 ఏళ్లు ఉంటుంది. తరతరాల నుంచి వస్తున్న పాటకు రచయిత పేరు ఉండదు కాబట్టి పాట మీద హక్కు ఎవరికీ లేదు. రికార్డింగ్ మీద హక్కు మాత్రం మైకు తెచ్చినవాడిది. పాటేమో అందరిదీ, ఫైలేమో ఒక్కడిది. చట్టం ఇంత సాఫీగా దోపిడీకి దారి వేసిందంటే మొదట నమ్మబుద్ధి కాదు.

కళాకారుడికి అసలేమీ లేదని కాదు. 1994 సవరణతో ప్రదర్శకుల హక్కు వచ్చింది. 2012 సవరణతో 38ఎ, 38బి సెక్షన్లు వచ్చాయి. తన ప్రదర్శనను రికార్డు చేయనివ్వాలా వద్దా అని నిర్ణయించే హక్కు, ప్రదర్శకుడిగా తన పేరు వేయించుకునే హక్కు, వ్యాపారానికి వాడితే రాయల్టీ అడిగే హక్కు ఉన్నాయి. చట్టం ఇచ్చిన నిర్వచనంలో గాయకుడు, వాద్యకారుడు, నర్తకుడితో పాటు గారడీవాడు, పాములాడించేవాడు కూడా ఉన్నారు. కానీ ఈ హక్కులు ఆచరణలో కాగితం మీద సంతకంతో పోతాయి. హిందీలోనో ఇంగ్లీషులోనో రాసిన కాగితం మీద, గోండీ తప్ప రాని మనిషి వేసే వేలిముద్రతో పోతాయి. అందుకే రాయల్టీ కోసం తర్వాత కోర్టు మెట్లెక్కే కంటే ముందే నిర్మాత కావడం తేలిక. చొరవ మనది, బాధ్యత మనది అయినప్పుడు రికార్డింగ్ కూడా మనదే. ఇవాళ నిర్మాత కావడానికి కావలసిన సామాను ఒక మైకు, ఒక యంత్రం, ఒక సాఫ్ట్‌వేర్. ఏ సాఫ్ట్‌వేర్ అన్న ప్రశ్న ఇక్కడి నుంచి మొదలు కావాలి.

'ఆర్ఆర్ఆర్' సినిమా మొదటి సన్నివేశం గుర్తుందా? గోండు పిల్ల పాట పాడుతుంది. గవర్నర్ భార్యకు నచ్చుతుంది. తల్లి ముందు చిల్లర నాణేలు పడతాయి. పాట బాగుందని ఇచ్చారేమో అనుకుంటుంది తల్లి. ఆ డబ్బు పిల్ల వెల అని బండి కదిలాక అర్థమవుతుంది. కోట్లమంది ఆ సన్నివేశానికి కళ్లు తుడుచుకున్నారు. అదే ప్రేక్షకులు గోండు గొంతుకు ఇవాళ ఎంత ఇస్తున్నారన్నది వేరే లెక్క. ఆ సినిమాలోని పిల్ల కూడా పాడింది తెలుగు పాటే.

నిజ జీవితంలో ఇంకో సన్నివేశం. 2021లో సుక్మా జిల్లాకు చెందిన ఒక ఆదివాసీ పిల్లాడు బడిలో పాడిన 'బచ్‌పన్ కా ప్యార్' దేశమంతా మోగింది. క్లాసులో నిలబెట్టి పాడించిన వీడియో అది, 2019 నాటిది. పాట గుజరాతీ గాయకుడు కమలేశ్ బారోట్‌ది. రీమిక్స్ చేసింది బాద్‌షా. పిల్లాడికి పేరు వచ్చింది, ముఖ్యమంత్రి సన్మానం కూడా జరిగింది, సంతోషమే. కానీ గమనించండి: సుక్మా నుంచి దేశం చెవికి చేరిన ఏకైక గొంతు ఒక హిందీ పాటతో చేరింది. ఆ పాట సుక్మాది కాదు, రికార్డు చేసిన ఫోను పిల్లాడిది కాదు, మిక్సింగ్ సుక్మాలో జరగలేదు. 2011 జనగణనలో దాదాపు 30 లక్షల మంది మాట్లాడతారని తేలిన గోండీ భాషకు ఎనిమిదో షెడ్యూలులో చోటు లేనట్టే, స్పీకర్ బాక్సులోనూ చోటు లేదు.

తెలుగు నేల మీదా అంత గొప్పగా ఏమీ లేదు. పన్నెండు మెట్ల కిన్నెర మొగులయ్యతో 2021లో 'భీమ్లా నాయక్' టైటిల్ పాట పాడించారు. 2022లో పద్మశ్రీ ఇచ్చారు. 2024లో ఆయన హైదరాబాద్ శివార్లలో కూలి పని చేస్తున్న వీడియో చూసి జనం నివ్వెరపోయారు. అదే 2022లో పద్మశ్రీ అందుకున్న కోయ డోలి కళాకారుడు సకిని రామచంద్రయ్య 2024లో కన్నుమూశారు. సమ్మక్క సారలమ్మల కథ, కోయ గట్టుల వంశ చరిత్రలు ఆయన నోట్లో ఉండేవి. వాటిని రికార్డు చేసినవాళ్లు ఉన్నారు. అసలు ఫైళ్లు ఏ కోయ గూడెంలో ఉన్నాయి? పద్మశ్రీ పతకం ఇంట్లో ఉండి, గొంతు పరాయి హార్డ్‌డిస్కులో ఉంటే ఆ గౌరవం సగం గౌరవమే.

బస్తర్‌కే తిరిగొద్దాం. ఇక్కడ సంగీతం అంటే ఆదివాసీ సంగీతం మాత్రమేనని బయటివాళ్లు అనుకుంటారు. పెళ్లిలో, జాతరలో మోగే మొహ్రీ బాజా, అంటే మొహ్రీ, నగారా, తుడ్‌బుడి, వాయించేది ఎక్కువగా గాండా, మహరా వంటి దళిత కులాలవాళ్లు. గోండుల దేవుడు కదలాలన్నా వీళ్ల బాజా మోగాలి. 75 రోజుల బస్తర్ దసరాలో ఏ పని ఏ కులానిదో, ఏ తెగదో ముందే పంచి పెట్టి ఉంటుంది. దేవుడి ముందు బాజా కావాలి, బాజా పట్టిన చెయ్యి మాత్రం దూరంగా ఉండాలి. మన మాదిగ డప్పుకు ఉన్న కథే ఇది, యాస ఒక్కటే వేరు.

మహరాల మాట వచ్చింది కాబట్టి ఇదీ చెప్పాలి. ఛత్తీస్‌గఢ్ షెడ్యూల్డ్ కులాల జాబితాలో మెహ్రా, మహార్, మెహర్ అని ఉంది. మహరా, మహ్రా అని ఉండేది కాదు. ఒక అక్షరం అటూ ఇటూ అయినందుకు సర్టిఫికెట్లు దొరకలేదు. ఆ రెండు పేర్లను చేర్చడానికి 2023లో పార్లమెంటు చట్టం చేయాల్సి వచ్చింది. పేరు ఎలా రాస్తారన్నది మనకు ఎంత పెద్ద విషయమో దీన్ని బట్టి తెలుస్తుంది. ఇప్పుడు ఏదైనా మ్యూజిక్ యాప్‌లో బస్తర్ పాట తెరిచి, కళాకారుడి పేరు ఉండాల్సిన చోట ఏముందో చూడండి. 'సంప్రదాయం', 'జానపదం', 'ట్రైబల్' అనే మాటలు తరచూ కనిపిస్తాయి. సేకరించినవాడి పేరు మాత్రం పూర్తిగా, ఇంటిపేరుతో సహా ఉంటుంది. 2019లో బస్తర్ వాద్యాలను సేకరించి 'బస్తర్ బ్యాండ్' నడిపిన అనూప్ రంజన్ పాండేకు పద్మశ్రీ ఇచ్చారు. ఆయన చేసిన పనిని నేను తక్కువ చేయడం లేదు, ఎన్నో మరుగున పడ్డ వాద్యాలను ఆయన వేదిక ఎక్కించారు. నారాయణ్‌పూర్ జిల్లా గఢ్‌బెంగాల్‌లో సులూర్ అనే వెదురు మురళి చేసే పండీరామ్ మండావీకి ఆ గౌరవం వచ్చింది 2025లో. సేకర్త ముందు, చేసినవాడు తర్వాత. ఈ వరుస ఎవరో ఒక వ్యక్తి తప్పు కాదు. వరుస అలా వేసే అలవాటు మన సమాజానిది.

ఇక్కడ మనవాళ్ల నుంచే ఒక అభ్యంతరం వస్తుంది, దాన్ని దాటేయకూడదు. బాబాసాహెబ్ చచ్చిన పశువులను లాగడం మానమన్నారు, ఊరి వెట్టి మానమన్నారు. 1928లో బొంబాయి శాసనమండలిలో మహార్ వతన్ల మీద బిల్లు పెట్టింది ఆ బానిసత్వం తెంచడానికే. మరి మీరు మళ్లీ మొహ్రీ, డప్పు అంటారేంటి? పిల్లలు కోడింగ్ నేర్చుకోవాలి గానీ బాజా కాదు కదా? ఈ మాట అనే అన్నలు కోపంతో అంటారు, ఆ కోపం న్యాయమైనది. పెళ్లి పందిరి బయట నిలబడి వాయించి, ఎంగిలి ఆకుల పక్కన అన్నం తిన్న తాతలు వాళ్ల ఇళ్లలో ఉన్నారు.

కానీ వదలమన్నది వెట్టిని. వాయించే విద్యను కాదు. తేడా ఎక్కడుందంటే, పిలిచినప్పుడల్లా వెళ్లి తీరాలా, ధర ఎవరు చెబుతారు, పేరు ఎవరిది అన్న మూడు చోట్ల. 1994లో ఈదుముడిలో మొదలైన దండోరా అదే డప్పును భుజానికెత్తుకుని హక్కు అడిగింది. మహారాష్ట్రలో వామన్‌దాదా కర్దక్ లాంటి షాహిర్లు భీమ్ పాటలతో ఊరూరా తిరిగారు. 2020 లాక్‌డౌన్‌లో కలహండి వలస కార్మికుడు దులేశ్వర్ టాండీ కోసలి మాటలో ర్యాప్ చేసి వలస కూలీల గోడు వినిపించాడు. బస్తర్ పక్కనే ఉన్న కోరాపుట్ నుంచి వచ్చిన సుమీత్ సామోస్ కులం మీద ర్యాప్ పాడాడు. వీళ్లెవరూ పాటను వదల్లేదు, పాట మీద పెత్తనాన్ని వదిలించుకున్నారు. బాబాసాహెబ్ 1920లో 'మూక్‌నాయక్' ఎందుకు పెట్టారు? పత్రికలు లేక కాదు. ఉన్న పత్రికలు మనవి కాక. తర్వాత సొంత ముద్రణాలయం కూడా పెట్టుకున్నారు, ఎందుకంటే పత్రిక మనదై ప్రెస్సు వేరేవాడిదైతే ఏ రోజైనా ఆగిపోతుంది. పాత లాప్‌టాప్‌లోని రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ ఇవాళ మన ప్రెస్సు.

ఇక సాఫ్ట్‌వేర్ సంగతి. వీడియోల్లో అడగని నాలుగు ప్రశ్నలు ముందు అడగండి. నెట్ లేకుండా పనిచేస్తుందా? పాత యంత్రం మీద నడుస్తుందా? బయటి శబ్దాన్ని, అంటే నిజమైన డోలును రికార్డు చేస్తుందా? ఫైలు నా చేతిలో ఉంటుందా, వాళ్ల సర్వర్‌లో ఉంటుందా?

ఈ ప్రశ్నలు వేసేసరికి పెద్ద పేర్లు సగం రాలిపోతాయి. లాజిక్ ప్రో, గరాజ్‌బ్యాండ్ ఆపిల్ యంత్రాలకే. ఆ లాప్‌టాప్ ధరతో మొహ్రీ బృందం మొత్తానికి కొత్త వాద్యాలు వస్తాయి, కాబట్టి ఇక చర్చ లేదు. ఎఫ్ఎల్ స్టూడియో మన కుర్రాళ్లకు ప్రాణం, డీజే పాటలన్నీ అందులోనే చేస్తారు. కానీ దాని అతి చవక ఎడిషన్‌లో చాలా ఏళ్లు ఆడియో రికార్డింగే లేదు. ఉచిత ట్రయల్‌లో పాట చేయొచ్చు, సేవ్ కూడా చేయొచ్చు, అలా సేవ్ చేసిన ప్రాజెక్టును మాత్రం డబ్బు కట్టేదాకా మళ్లీ తెరవలేరు. ఇంత చెప్పినా ఊళ్లో చాలామంది వాడేది క్రాక్ వెర్షనే అని నాకు తెలుసు. నేను నీతి చెప్పడానికి రాలేదు. కానీ క్రాక్‌తో పాటు వచ్చే వైరస్ ఒక రాత్రి హార్డ్‌డిస్కు తినేస్తే పోయేది కంపెనీ డబ్బు కాదు, చనిపోయిన నాయనమ్మ గొంతు.

ఉచితం అనే మాటను కూడా నమ్మేయొద్దు. ఎల్ఎంఎంఎస్ పూర్తిగా ఉచితం, ఓపెన్ సోర్స్. బీట్లు చేయడానికి బాగానే ఉంటుంది. అయితే చాలా ఏళ్లుగా జనం వాడుతున్న దాని స్థిర వెర్షన్‌లో మైకు నుంచి రికార్డు చేసే సౌకర్యం లేదు. డోలు రికార్డు చేయని సాఫ్ట్‌వేర్ బస్తర్‌లో ఏం చేసుకోవడానికి? బ్యాండ్‌ల్యాబ్ ఫోనులో నడుస్తుంది, డబ్బు అడగదు, తొలి అడుగు వేయడానికి సరదాగా ఉంటుంది. కానీ అది ఖాతా మీద, నెట్ మీద ఆధారపడిన వ్యవహారం. సిగ్నల్ కోసం గుట్ట ఎక్కే ఊళ్లు బస్తర్‌లో ఉన్నాయి. అందులో పని చేసినా, పని అయిన ప్రతిసారీ ఫైలును దించుకుని మెమరీ కార్డులో పెట్టుకోండి.

నా ఓటు రెండింటికి. మొదటి ఆరు నెలలు ఆడాసిటీ. 2000 నుంచి ఉంది, ఉచితం, కోడ్ అందరికీ తెరిచి ఉంది, పాత విండోస్ మీదా లినక్స్ మీదా నడుస్తుంది. ఎర్ర బొత్తం నొక్కితే రికార్డవుతుంది, కోయాలంటే కోస్తుంది, ఎంపీ3 కావాలంటే చేస్తుంది. 2021లో దాన్ని మ్యూజ్ గ్రూప్ కొన్నప్పుడు గోప్యత విధానం మీద పెద్ద రగడ అయింది. నెట్ లేని లాప్‌టాప్‌లో వాడుకునేవాడికి ఆ భయం లేదు. తర్వాత, నాలుగైదు మైకులు, గొంతులు, డోళ్లు కలిపే స్థాయికి వచ్చినప్పుడు రీపర్. దించుకోవాల్సింది ఇరవై ఎంబీకి అటూ ఇటూగా ఉంటుంది. పాత యంత్రాన్ని ఏడిపించదు. 60 రోజులు ఉచితంగా వాడొచ్చు, ఆ తర్వాత తెరిచినప్పుడల్లా లైసెన్సు కొనమని గుర్తు చేస్తుంది గానీ మీ పాటను బందీ చేయదు. వ్యక్తిగత లైసెన్సు 60 డాలర్లు, అంటే ఐదు వేల రూపాయల పైన. ఒక్కడికి భారమే, ఊరి యువజన సంఘం పది మంది కలిసి దాచి కొనుక్కోగలిగిన మొత్తం. లినక్స్ వచ్చినవాళ్లు ఆర్డర్ కూడా చూడొచ్చు.

అసలు డబ్బు పెట్టాల్సింది సాఫ్ట్‌వేర్ మీద కాదు, మైకు మీద. ఫోనులోని రికార్డర్ మాట కోసం చేసింది. డోలు గట్టిగా మోగగానే అది శబ్దాన్ని నొక్కేస్తుంది, మొహ్రీ నిలిపి ఊదితే రొద అనుకుని తగ్గించేస్తుంది. ఒక మామూలు డైనమిక్ మైకు, చిన్న ఆడియో ఇంటర్‌ఫేస్ ఉంటే ఉచిత సాఫ్ట్‌వేర్‌లోనూ మంచి రికార్డింగ్ వస్తుంది. ఇంకోటి, ఎవరికైనా పంపేటప్పుడు వాట్సాప్‌లో ఆడియోలా కాకుండా డాక్యుమెంట్‌గా పంపండి. లేకపోతే నలిగిపోయిన నకలు వెళుతుంది. అసలు ఫైలు మాత్రం ఎవరికీ పంపొద్దు, ఎంత పెద్ద మనిషి అడిగినా సరే.

ఇప్పుడు సాఫ్ట్‌వేర్ లోపల ఉన్న కులం గురించి. చాలా సాఫ్ట్‌వేర్లలో కొత్త ప్రాజెక్టు తెరవగానే నిమిషానికి 120 దెబ్బలు, నాలుగుకు నాలుగు లెక్క, పియానో పన్నెండు మెట్లు సిద్ధంగా ఉంటాయి. ఇండియా అనే ఫోల్డర్ తెరిస్తే తబలా, సితార్, తంబురా దొరుకుతాయి. మాందరీ ఎక్కడ? తుడ్‌బుడి ఎక్కడ? కొమ్ము కోయల డోలు ఎక్కడ? సభల్లో కూర్చున్న సంగీతం ఇండియా అయింది, రాత్రంతా నిలబడి ఆడిన సంగీతం ఫోల్డర్‌కు కూడా నోచుకోలేదు. మొహ్రీ స్వరం పియానో మెట్టు మీద కూర్చోదు. అది అపశ్రుతి కాదు. డోలు తోలును మంట దగ్గర కాచి శ్రుతి చేస్తారు, మంచు పడితే రాత్రి మధ్యలో మళ్లీ కాస్తారు. ఆడేవాళ్ల అడుగు వేగం పెరిగితే దెబ్బ వేగం పెరుగుతుంది. ఈ పాటను గ్రిడ్ మీదికి లాగి, ఆటోట్యూన్ వేసి సరిచేశాను అనేవాడు ఇస్త్రీ పెట్టెతో నీటి అలను సాపు చేసినవాడితో సమానం.

కాబట్టి కొత్తగా నేర్చుకునేవాళ్లు మొదటి పాఠంగా మెట్రోనోమ్ ఆపడం, గ్రిడ్‌కు అతుక్కునే బొత్తాన్ని తీసేయడం నేర్చుకోండి. ముందు మనుషులు వాయించాలి, తర్వాత కావాలంటే ఆ వాయింపుకు తగ్గట్టు టెంపో గీత గీసుకోవచ్చు. రీపర్‌లో అది కుదురుతుంది. నాయిస్ రిడక్షన్ దగ్గర ఇంకా జాగ్రత్త. పండీరామ్ మండావీ చేసే సులూర్‌ను ఊదరు, గాలిలో ఊపుతారు. ఊపు వచ్చినప్పుడు పాడుతుంది, పోయినప్పుడు తగ్గుతుంది. ఆ బొత్తానికి గాలి చప్పుడంటే తుడిచేయాల్సిన మురికి. ఎవరి శబ్దం సంగీతం, ఎవరిది రొద అనే పాత తగాదా ఇలా ఒక చిన్న బొత్తంలో కూర్చుని ఉంటుంది.

ఇదంతా ఒక్కొక్కరూ సొంతంగా తేల్చుకోవాలని వదిలేయడం కూడా అన్యాయమే. 2015 గనుల చట్ట సవరణతో ప్రతి గనుల జిల్లాలో డిస్ట్రిక్ట్ మినరల్ ఫౌండేషన్ పెట్టారు. గని వల్ల నష్టపోయిన ప్రజల కోసం ఖర్చు పెట్టాల్సిన డబ్బు అది. దంతెవాడలో ఆ నిధి చిన్నదేమీ కాదు. బైలాడిల్లా కొండ తిన్న డబ్బులోంచి ప్రతి బ్లాకులో ఒక రికార్డింగ్ గది అడగాలి. ఒక కంప్యూటరు, నాలుగు మైకులు, రెండు హార్డ్‌డిస్కులు, సోలార్ బ్యాటరీ, జీతమిచ్చి పెట్టిన ఒక స్థానిక శిక్షకురాలు. అడవి ఉత్సవాల పేరుతో వేసే ఒక్క వేదిక, లైట్ల ఖర్చు కంటే ఇది పెద్ద అడుగుడు కాదు. తాళం చెవి మాత్రం కలెక్టరాఫీసులో ఉండకూడదు. గ్రామసభ దగ్గర ఉండాలి, ఆ కమిటీలో మొహ్రీ వాయించే దళిత కుటుంబాలకు పేరు పెట్టి చోటు ఇవ్వాలి. ఆదివాసీ హక్కు అనే మాట కింద దళితుణ్ణి దాచేస్తే మళ్లీ దసరా పంపకమే అవుతుంది.

మన సంఘాలకు కూడా ఒక మాట. ఏప్రిల్ 14కు అద్దె డీజే పెట్టి లక్షలు పోసే బదులు, ఆ డబ్బులో కొంత తీసి ఒక మైకు కొని ఊరికివ్వండి. భద్రాచలం, చింతూరు, కుంట, భోపాల్‌పట్నం మధ్య గోండీ, కోయ, దోర్లీ, తెలుగు అన్నీ కలిసి నడిచే దారి ఉంది. సాల్వా జుడుంకు భయపడి 2005 తర్వాత ఇటు ఖమ్మం అడవుల్లోకి వచ్చి గుడిసెలు వేసుకున్న కుటుంబాలు తమ పాటలు కూడా వెంట తెచ్చుకున్నాయి. 2010లో మొదలైన సీజీనెట్ స్వర మామూలు ఫోను కాల్‌తో గోండీ గొంతులను రికార్డు చేసి వినిపించింది. స్మార్ట్‌ఫోను కూడా అక్కర్లేకుండా ఆనాడే అంత జరిగింది.

ఆ అమ్మాయికి ఒక చిన్న పద్ధతి చెప్పి ఆపుతాను. చెల్లీ, రికార్డు బొత్తం నొక్కగానే డోలు మొదలుపెట్టొద్దు. ముందు మైకు దగ్గరికి వచ్చి మీ భాషలోనే చెప్పు: ఇవాళ తేదీ ఇది, ఊరు ఇది, వాయిస్తున్నవాళ్లు వీళ్లు, పాడుతున్నవాళ్లు వీళ్లు, రికార్డు చేస్తున్నది నేను, ఈ రికార్డింగ్ మాది. ఒక్కొక్కరినీ తమ పేరు తామే, తాము పలికే తీరులోనే చెప్పమను. పది మంది ఉంటే పది పేర్లూ రానివ్వు, ఆలస్యమైనా పర్లేదు. మోనోలో, 24 బిట్‌లో, 48 కిలోహెర్ట్జ్‌లో పెడితే గంటకు అర జీబీ పడుతుంది, రాత్రంతా జరిగినా నీ కార్డు సరిపోతుంది. తెల్లారాక ఆ ఫైలును రెండు చోట్ల పెట్టు, ఒకటి నీ దగ్గర, ఒకటి డోలు వాయించిన ఇంట్లో.